పెంటయ్య, మాణిక్యాలరావు

ఒక పెరట్లో ఓ కోడికి పుట్టిన పిల్లలనల్లా గద్ద తన్నుకుపోయింది. మిగిలిన ఒక్కడికీ ఆవిడ, మనుషులు పెట్టుకున్నట్టే, పెంటయ్య అని పేరు పెట్టింది. చెత్త పేరున్న బిడ్డ జోలికి చావు రాదని నమ్మకం.

అదే పెరట్లో హంసవేణి అనే బాతు ఉండేది. ఆ పేరు తనకు తనే పెట్టుకుంది. చూసినవాళ్ళెవరికీ ఆ ఆలోచన రాలేదు మరి.

"ఛీ, పెంటయ్యేమిట్రా అబ్బాయ్! ఇవాళ్టి నుంచి నువ్వు మాణిక్యాలరావువి" అంది బాతు.

పిల్లవాడు నీళ్ళతొట్టిలో ముఖం చూసుకున్నాడు. పెంటలా లేడు, మాణిక్యంలానూ లేడు. ఎటూ తేలక తిరుగుతుంటే పైన గద్ద కనిపించింది.

"ఒరే పెంటయ్యా, పరిగెత్తు!" అని తల్లి అరిచింది. ఆ పేరు మానేశాను కదా అని వాడు నిలబడ్డాడు.

"మాణిక్యాలరావూ, పారిపో!" అని బాతు అరిచింది. ఆయనెవరా అని వెనక్కి తిరిగి చూశాడు.

గద్ద దిగింది. తల్లి ఇక ఏ పేరూ పిలవలేదు. ఒక్క ఉరుకున వచ్చి వాణ్ణి రెక్కల కింద కప్పేసి, గద్ద గోళ్ళకు తన వీపు అప్పగించింది.

లోపలి నుంచి వాడు అడిగాడు. "అమ్మా, ఇంతకీ నేనెవర్నే?"

"ఎవడివైతే ఏం, ఆ కాలు లోపలికి పెట్టుకో."