కదలని చక్రం

"నేనసలు ఆ కుట్టుషాపు వైపు చూడనేలేదు!" అన్నాడు తాతయ్య, ప్రదర్శన కోసం నేను గోడకు తగిలించిన మెయిన్‌రోడ్డు పాత ఫొటో ముందు నిలబడి.

"పొద్దున్నే వెలుతురు చాలక కెమెరా షట్టరు మూడు సెకన్లు తెరిచి తీశారు, తాతయ్యా. కదిలినవాళ్ళ బొమ్మలు చెదిరిపోయాయి. మిల్లుకి పరిగెత్తేవాళ్ళంతా పొగలా ఉన్నారు. సైకిలు పట్టుకుని నువ్వొక్కడివే రాయిలా నిలబడ్డావు, షాపు కిటికీలో ఉన్న అమ్మమ్మకి ఎదురుగా!"

అమ్మమ్మ పకపకా నవ్వింది. "దొరికిపోయారు! నేను మాత్రం తలెత్తితే ఒట్టు. మిషను ఆపితే మా నాన్న ఊరుకునేవాడా?"

తాతయ్య కళ్ళజోడు సర్దుకుని, ఫొటోలోని కిటికీకి ముక్కు ఆనించాడు. పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టాడు.

"ఆరు," అన్నాడు.

"ఏమిటి ఆరు?"

"నీ మిషను చక్రానికి ఊచలు. ఒక్కటీ చెదరలేదు."

అమ్మమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. "ఆ రోజు దారం తెగిందిలెండి."

"నేను అటు వచ్చినప్పుడల్లా మిషను ఆగే ఉండేది! దారం రోజూ తెగేదా?"

"రోజూ ఎందుకు తెగుతుంది?" అంది అమ్మమ్మ విసురుగా. "ఆదివారం మీ మిల్లుకి సెలవేగా!"