మాన్పించిన మందు

"మందులు ఎవరు ఆపమన్నారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

కోమల తలెత్తి దేవదాస్ వైపు చూసింది. సొంత మేనమామే ఆమెకు భర్త.

ఎనిమిది నెలలు గోలీలు వేసుకున్నాక కోమలకు వేళకు నిద్ర పట్టసాగింది. పక్కింటివాళ్ళ మాటలకు నవ్వేది కూడా. అప్పుడే దేవదాస్, "మంచిగనే ఉన్నవ్ గద, ఇంక గోలీలెందుకు? నలుగురికి తెలిస్తే పిచ్చిదంటరు" అని డబ్బా తీసి మోరీలో పారబోశాడు. రెండు నెలలకే ఆమె మళ్ళీ మంచం పట్టింది. వారం రోజులు అన్నం ముట్టకపోయేసరికి భయపడి, మరమగ్గం పని మానుకుని, సిరిసిల్లలో కరీంనగర్ బస్సెక్కించాడు.

"గామెనే బంద్ చేసింది మేడమ్. నా మాట ఇంటదా?" అన్నాడు ఇప్పుడు.

కోమల కుర్చీలో వెనక్కి వాలింది. కాదనడానికి ఓపిక లేదు.

డాక్టరమ్మ రాసుకుంటూ, "మీ అమ్మవైపు ఎవరికైనా ఇలాంటి బాధ ఉండేదా?" అంది.

"లేదు మేడమ్," అంది కోమల. "నన్ను గన్న అవ్వ నాకు ఏడేండ్లప్పుడే పోయింది. నీళ్ళకు పోయి, కాలుజారి బావిల పడ్డది. గప్పటిసంది అమ్మమ్మనే సాదింది."

డాక్టరమ్మ 'ఎవరూ లేరు' అని రాయబోయింది.

"కాలు జారలే మేడమ్."

ఇద్దరూ దేవదాస్ వైపు తిరిగారు. అతడు చేతులు చూసుకుంటున్నాడు.

"మా అక్క సుత గిసొంటి గోలీలే మింగేది. గప్పుడు సుత నేనే బంద్ చేయించిన."