కాదన్న చిట్టీ

"ఇరవై అనుకూలం. ఒకటి వ్యతిరేకం," అన్నాడు కొండల్‌రావు, ఆఖరి చిట్టీ కూడా తనే చదివి మడుస్తూ. "ఎవల రాత ఏదో బయటపడొద్దు," అంటూ ఇరవై ఒక్క చిట్టీలనూ టీ పొయ్యిలో వేశాడు. చదివిన కాగితం కాల్చేయడం ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉన్ననాటి అలవాటు. పద్నాలుగేళ్లయినా పోలేదు.

అది మెట్‌పల్లి బీడీ సంఘం ఆఫీసు. ఇరవై రెండేళ్లుగా ఆయనే పార్టీ తాలూకా కార్యదర్శి. ప్రతిసారీ చేతులెత్తి ఎన్నుకునేవారు. ఈసారి చిట్టీలు వేయమని పైనుంచి ఉత్తరం వచ్చింది. వేస్తే ఇదిగో, ఇలా అయింది.

"పేరు అడుగుతలేను," అన్నాడు కొండల్‌రావు మెల్లగా. "దిల్ల ఉన్నది మొకం మీదనే అంటే బాగుండు. మీకోసమే గద లాఠీలు తిన్న."

అందరి కళ్లూ యాదవ్వ మీదికే పోయాయి. పోయిన నెల బీడీ సమ్మెను ఆయన ఉన్నట్టుండి ఆపేస్తే, నలుగురిలో నిలదీసింది ఆమె ఒక్కతే.

"నేను గాదన్నా. నీకే వేసిన," అంది యాదవ్వ. నిజమే. కోపం ఉన్నా చేయి రాలేదు. ఆమె మొగుడు పోయిననాడు పాడె మోసిన మనిషి ఆయన.

"నువ్వు గాకుంటే మరెవలు?" అన్నాడు పక్కనున్న మొండయ్య.

ఆమె వెతుకుతున్నదీ అదే. హనుమంతు తలెందుకు దించుకున్నాడు? బుచ్చవ్వ టీ ఎందుకు ముట్టలేదు? ఇన్నేళ్లు కలిసి నడిచినవాళ్లలో ఎవరో చేసి, నింద తన నెత్తిన పడుతుంటే చోద్యం చూస్తున్నారు. యాదవ్వకు ఒళ్లు మండిపోయింది.

"కమిటీల ఉంటే అనుమానం పెరుగుతది. జర కొన్నొద్దులు దూరముండు, యాదవ్వా," అన్నాడు కొండల్‌రావు బాధగా. ఒప్పుకున్నవాళ్లను చేతులెత్తమన్నాడు. ఆమె తప్ప అందరూ ఎత్తారు.

తెల్లారి యాదవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలకు తునికాకు కత్తిరిస్తుంటే, మొండయ్య వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"గా చిట్టీ నాదే, అక్కా. సమ్మె అమ్ముకున్నడని కోపంల వేసిన. అందరి ముంగట చెప్పే ధైర్నం లేకపాయె. నీ మీదికి నెట్టిన. మాఫ్ చెయ్యి."

యాదవ్వ కత్తెర పక్కన పెట్టింది. చెడామడా తిడదామనుకుంది గానీ, అతని కళ్లలో నీళ్లు చూసి ఊరుకుంది. పోనీ, ఆ ఒక్కరెవరో తేలింది, ఇక మిగతావాళ్లనైనా అనుమానించే బాధ తప్పిందని మనసు కుదుటపడింది.

ఆదివారం నాటికి, ‘గా చిట్టీ నాదే’ అని ఆమెకు చెప్పి వెళ్లినవాళ్లు పన్నెండు మంది.