ముందు ముక్క, వెనక ముక్క

ఆరె మళ్ళీ వెంకటరాముడి చేతిలోంచి జారి నేలమీద పడింది.

“ఉండండి అంకుల్, నేను తీస్త,” అంటూ స్పందన వంగింది.

“ఈ కుడిచెయ్యి నా మాట వినడం లేదమ్మా. కన్నాలు నువ్వే పొడువు, నేను చెబుతుంటాను.”

“నాకు గుండీ కుట్టుడు కూడా రాదు అంకుల్.”

“కెన్ లా, కెన్, చెయ్యగలవు. గుండీ వేరు, తోలు వేరు.”

తోలుకు కన్నాలు పొడిచే ఆ ఆరె పిడి, నలభై ఏళ్ళ అరచేతి రాపిడికి నున్నబడి ఉంది. తంజోంగ్ పగార్ పేటలో బూట్లు కుట్టే దుకాణం మూసేసినప్పుడు ఆయన ఇంటికి తెచ్చుకున్న కొద్ది సామాన్లలో అదొకటి. ఇంతకు ముందు స్పందన ఆయన్ని లిఫ్టులో రెండుమూడుసార్లు చూసిందేమో, అంతే. పరిచయమంతా ఆయన భార్య సరోజిని ఆంటీతోనే.

ఆ వారం మొదట్లో రైస్ కుక్కర్ ఆంటీకి ఇచ్చేద్దామని రెండంతస్తులు దిగి వచ్చింది.

“కరీంనగర్ వెళ్ళిపోతున్న ఆంటీ. పీహెచ్‌డీ ఇడిసిపెడుతున్న.”

“నాలుగేళ్ళు చదివి ఇప్పుడా? ఏమైందే?”

అయింది చాలా చిన్న సంగతి. ఎక్కడో ఐరోపాలో, పాత రోమన్ కోట బావి అడుగున, బురదలో రెండు తోలు ముక్కలు దొరికాయి. అవి ఒకే సంచివని, నడుముకు కట్టుకునే సంచికి ఒకటి ముందుభాగం, ఒకటి వెనకభాగం అని స్పందన థీసిస్‌లో ఒక అధ్యాయం రాసింది. ముందు ముక్క అంచు వెనక ముక్క అంచుకంటే మూడు వేళ్ళు పొడుగుంది, అవి వేరువేరు సంచులవి అన్నాడు ప్రొఫెసర్. రెండింటికీ కన్నాలు నలభై రెండే కదా అంటే, కాకతాళీయం అన్నాడు. ఆ అధ్యాయం పోతే మిగతా నాలుగూ నిలబడవు. ఆ రోజునుంచి ఆమె గది దాటి పోవడం మానేసింది.

సరోజిని అంతా విని, కుక్కర్ పక్కన పెట్టి, గొంతు తగ్గించింది.

“వెళ్దువుగాని. టికెట్ నెలాఖరుకు కదా. ఈలోగా నాకో సాయం చేసిపెట్టు. మీ అంకుల్‌కి కిందటేడు పక్షవాతం తగిలింది. కుడిచేతిలో పట్టు పోయింది. ఆస్పత్రివాళ్ళు రబ్బరు బంతి పిసకమంటే విసిరికొట్టారు. నీ రోమన్ సంచి కుట్టిపెట్టమని ఆయన్ని అడుగు. చేతికి కాస్త పని తగులుతుంది. నేను చెప్పానని మాత్రం అనకు.”

తన చదువెలాగూ పోయింది, ఒక మనిషి చెయ్యైనా బాగుపడనీ అనుకుంది స్పందన. ఆ రెండు ముక్కల కొలతలకు సరిగ్గా తోలు కోయించి తెచ్చింది.

అప్పటినుంచి శనివారం మధ్యాహ్నాలు ఆ కిటికీ పక్కనే గడిచాయి. బయట సెరంగూన్ పేట మీద వాన కురుస్తూ ఉండేది. ఎదుటి బ్లాకులు నీళ్ళలో కరుగుతున్నట్టు మసగ్గా కనపడేవి. ఆరె దిగిన ప్రతిసారీ తోలు చిన్నగా నిట్టూర్చేది. అసలు సంచి దారం ఎన్నడో మట్టిలో కలిసిపోయింది, కన్నాలే మిగిలాయి. ఆరో కన్నానికీ ఏడో కన్నానికీ మధ్య ఎడం కొంచెం ఎక్కువ. అక్కడ, ఆనాడు ఆ సంచి కుట్టిన మనిషి తలెత్తి ఉంటాడు. ఎవరో పిలిచి ఉంటారు, లేకపోతే వాన మొదలై ఉంటుంది. ఆ ఆలోచనలో పడి స్పందన ఎక్కడున్నదీ మరిచిపోయేది.

“మకాన్ రెడీ, తినడానికి రండి. ఆ రోముకు టిఫిన్ పెట్టరా?” అని సరోజిని కేకేస్తే ఉలిక్కిపడేది.

ఇవాళ, మూడో శనివారం, కన్నాలు పొడవడం అయిపోయింది, కుట్టు మొదలైంది. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు. పది కుట్లు పడేసరికి తోలు ముడతలు పడి వంకరపోయింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ అంతే, మళ్ళీ విప్పింది.

స్పందన సూదులు కింద పెట్టేసింది. “ప్రొఫెసర్ చెప్పిందే కరెక్ట్ అంకుల్. ఇవి కలవయి. వచ్చే శనివారం నా ఫ్లైట్.”

“ఏదీ, ఇలా తే చూద్దాం,” అని వెంకటరాముడు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి వణికి, ముందు ముక్క పక్కనున్న నీళ్ళ బేసిన్‌లో పడింది. ఆయన ఎడమచేత్తో తడుముకుని అందుకునేసరికి చాలాసేపే నానింది.

“అయ్యయ్యో, పాడుచేశాను. పాడు చెయ్యి.”

“పర్లేదు అంకుల్. ఎట్లయినా పారేసేదే.”

“పారెయ్యకమ్మా, పాపం. తడిదే కుట్టెయ్యి. నా మనసు కుదుటపడుతుంది.”

ఆయన ముఖం చూసి కాదనలేకపోయింది. కన్నానికి కన్నం కలుపుతూ పోయింది. ఈసారి తోలు ఎదురుతిరగలేదు. తడిసి మెత్తబడి, ఎక్కువున్న పొడుగునంతా చిన్న చిన్న కుచ్చులుగా తనలోకి లాక్కుంది. ముప్పయ్యో కుట్టుకి ముందు ముక్క మెల్లగా పైకి లేచింది, నిద్రలో ఊపిరి పీల్చిన పసిపిల్ల పొట్టలాగా.

స్పందన వేళ్ళు ఆగిపోయాయి.

“అంకుల్... పొట్ట కోసం. లోపల జాగా కావాలె గదా, అందుకే ముందు ముక్క పొడుగు పెట్టిండు. తడిపి కుట్టిండు. ఇవి ఒకే సంచివి.”

“అలాగా? నాకేం తెలుసమ్మా రోమన్ల సంగతి.”

ఆమె వెంటనే ఫొటోలు తీసి పంపింది. అరగంటకు ప్రొఫెసర్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. సోమవారం సంచి తీసుకుని రమ్మన్నాడు, ఆ అధ్యాయం తీసెయ్యొద్దన్నాడు. టికెట్ ఆ కుర్చీలోనే కూర్చుని రద్దు చేసింది.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఆయన కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళు నిండాయి.

“నా పని అయింది గని, మీ చెయ్యే ఇంకా నయం కాలే. ఇంకో సంచి కుడదాం అంకుల్. ప్రతి శనివారం వస్త.”

“రా తల్లీ. వస్తూ ఉండు.”

లిఫ్టు తలుపులు మూసుకునేదాకా భార్యాభర్తలిద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు.

“ఇంక ఆ లేని పక్షవాతం చాలించండి,” అంది సరోజిని.