వెనక ఎడమ చక్రం

చీకటి పడ్డాక మెకానిక్ షెడ్డు మూయబోతుంటే అతని బావ స్పోర్ట్స్ కారు తెచ్చాడు. వెనక ఎడమ చక్రం పక్కకు లాగుతోందట. చక్రాల అలైన్‌మెంట్ ఎన్నిసార్లు సరిచేసినా మిషన్ తెర మీద ఎడమ చక్రం అంకె మళ్లీ తప్పుతోంది. డ్రైవరుకి ఎడమ పక్కన ఖాళీగా ఉన్న సీటు వైపే కారు కుంగి ఉంది.

"డిక్కీలో ఏమైనా పెట్టావా బావా?"

"ఏం లేదురా, చూసుకో."

నిజంగానే ఏమీ లేదు.

"మరి అక్క రాలేదేం?"

"పొద్దున్నే మీ ఇంటికొచ్చిందిగా!"

మెకానిక్ సాయంత్రందాకా ఇంట్లోనే ఉండి షెడ్డుకొచ్చాడు. అక్క రాలేదు.

అప్పుడే స్ప్రింగు కిర్రుమంది. ఎవరో దిగినట్టు కారు మెల్లగా పైకి లేచింది. తెర మీద కుడి, ఎడమ చక్రాల అంకెలు రెండూ సమానమయ్యాయి.

"భలే, కుదిర్చేశావే!" అని నవ్వబోయిన బావ చూపు మెకానిక్ భుజం దాటి వెనక్కి వెళ్లి అక్కడే నిలిచిపోయింది.

"నువ్వెలా వచ్చావే?" అన్నాడు వెనక్కి జరుగుతూ.