పాత కౌంటీ బాకీ

“బాబూ, ఒక్క మాట. సూపర్‌విజన్ ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ అయినా, ప్రొబేషన్ ఫీజు మాత్రం పాత కౌంటీ కోర్టులోనే కట్టాలి.”

సుందర్ రాజ్ కాఫీ కప్పు పక్కన పెట్టి చుట్టూ చూశాడు.

1985 జులై, ఆదివారం. అమెరికాలోని క్యారీలో, దెబోరా గారింట్లో తెలుగు ప్రార్థన అప్పుడే ముగిసింది. హాల్లో ఇరవైమంది ఉన్నారు.

చెవిలో ఆ మాట చెప్పినవాడు దైవాశీర్వాదం. అరవై దాటిన మనిషి. పక్క కౌంటీ నుంచి, అంటే పక్క జిల్లా నుంచి, రెండు బస్సులు మారి వస్తాడు. ఆ హాల్లో కొత్తవాడు కనిపిస్తే ఏ కంపెనీ అని అడక్కుండా ఎవరూ వదలరు. ఈయన పాత కోటు చూసి ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

“ఏ ఫీజు? ఎవరనుకుని మాట్లాడుతున్నారు మీరు?”

“మూడు నెలలది ఆగిపోయింది బాబూ. ఇంకా ఆగితే జడ్జి లోపల వేస్తాడు.”

“పొరపాటు పడ్డారు. నేను కాదు.”

ముసలాయన తల ఊపి వెళ్లిపోయాడు.

నిరుడు పాత కౌంటీలో ఉండగా ఒక పార్టీ నుంచి తాగి డ్రైవ్ చేస్తూ సుందర్ రాజ్ ఒకామె కాలు విరగ్గొట్టాడు. జైలు తప్పింది, రెండేళ్లు ప్రొబేషన్ పడింది. నెలనెలా ఆఫీసర్‌కి కనబడాలి, ఫీజు కట్టాలి. క్యారీలో ఉద్యోగం దొరకగానే కేసు ఇక్కడికి మార్పించుకున్నాడు. రేషన్ కార్డు ఊరు మారాక పాత షాపుతో పనేముంది? ఇదీ అంతే అనుకున్నాడు. చేతికిచ్చిన కాగితం చదవనే లేదు.

ఇప్పుడైనా ఫీజు సంగతి ఆలోచించాడా? లేదు. ముసలాయనకి ఎలా తెలిసింది, అదే గుబులు. తన ఉద్యోగం దెబోరా భర్త కంపెనీలో. ఇది పొక్కిందంటే ఉద్యోగం పోతుంది, దాంతో వీసా పోతుంది.

ఏ కోర్టులో ఫీజు కట్టాలన్న గొడవంతా కేసున్నవాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది? ఆహా, ఈయనా ఆ బాపతే!

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. సుందర్ రాజ్ ఇంకాస్త తెలివైనవాడు. పక్కవాడి భుజం చూపించాడు.

“అక్కా, చెప్పకూడదు గానీ, ఆ పెద్దాయన మీద ఏదో కేసుంది. ప్రొబేషన్ ఫీజు కడుతుంటాడట,” అని ఆగస్టులో దెబోరాకి ఫోన్ చేశాడు. “ఇంట్లో ఆడపిల్లలున్నవాళ్లు, మీకు తెలియాలి కదా అని.”

ఆ ఆదివారం ఆవిడ అందరి ముందే అడిగేసింది.

“బ్రదర్, మీరు కోర్టులో ప్రొబేషన్ ఫీజు కడుతున్నారా?”

“కడుతున్నానమ్మా.”

“ఎందుకు?”

దైవాశీర్వాదం ఒక్క క్షణం సుందర్ రాజ్ వైపు చూశాడు. సుందర్ రాజ్ బైబిల్లోకి తల దించేసుకున్నాడు.

“అది చెప్పేది కాదమ్మా.”

“అయితే వచ్చే వారం నుంచి రావద్దు. ఏమీ అనుకోకండి. పిల్లలున్న ఇల్లు.”

“మంచిదమ్మా,” అని ముసలాయన కోటు తీసుకున్నాడు. తర్వాతి బస్సు రెండు గంటలకి గానీ లేదు. రైడ్ ఇస్తామని ఎవరూ అనలేదు.

మరుసటి ఏప్రిల్ వచ్చింది.

“శుక్రవారంతో నీ ప్రొబేషన్ అయిపోతుంది,” అన్నాడు ఆఫీసర్. “పాత కౌంటీ ఫీజు రసీదులు ఏవి?”

“రసీదులా? కేసు ఇక్కడికి మారింది కదా సార్!”

“మారింది నిన్ను కనిపెట్టుకుని ఉండే పని. ఫీజు ఎప్పుడూ శిక్ష వేసిన కోర్టుకే. ఏడాది నుంచీ కట్టలేదా? అయితే జైలుకి సిద్ధపడు.”

సుందర్ రాజ్ బ్యాంకులో ఉన్నదంతా డ్రా చేసుకుని పాత కౌంటీకి డ్రైవ్ చేశాడు. అక్కడికక్కడే సంకెళ్లు వేస్తారనుకుంటూనే కోర్టులో ఫీజు కట్టే కిటికీ ముందు నిలబడ్డాడు.

కిటికీ వెనక ఉన్న క్లర్క్, నడివయసావిడ, పుస్తకం తిరగేసింది.

“నీ బాకీ ఏమీ లేదే! నెలనెలా కట్టేశారు. జనవరిలో మిగిలిందంతా ఒకేసారి కట్టారు.”

“ఎవరు?”

“మీ దేశం పెద్దాయన. దైవాశీర్వాదం.”

గెంటేయించాక కూడా ఐదు నెలలు! అయ్యో, ఎంత పాపం చేశాను అనుకున్నాడు సుందర్ రాజ్.

“ఆయన కాళ్లు పట్టుకోవాలి నేను. ఆయన ఫీజు కట్టడానికి ఇక్కడికి ఎప్పుడొస్తాడు?”

“ఇక రాడు. ఫిబ్రవరిలో ఆస్పత్రిలో పోయాడు.”

ఆవిడ పుస్తకం మూసేసింది.

“ప్రార్థన చేసుకునే మనుషులు క్యారీలో ఉన్నారని చెప్పేవాడు. నేనే ఆ ఇంటికి ఫోన్ చేశాను. ఎవరో ఆవిడ, ఆయన మావాడు కాదు అని పెట్టేసింది. కౌంటీ వాళ్లే పాతిపెట్టారు. ఒక్కరూ రాలేదు.”

దేవుడా, ఇప్పుడేం చేసేది? ఎవర్ని అడిగేది క్షమాపణ? అతను జేబులోంచి డబ్బంతా తీసి కిటికీ లోపలికి తోశాడు.

“ఆయన కేసులో ఫీజు ఏమైనా మిగిలుంటుంది. అది నన్ను కట్టనివ్వండి.”

ఆవిడ కళ్లజోడు తీసి అతన్ని వింతగా చూసింది.

“ఆయనకి కేసేమిటి? పదకొండేళ్లు ఈ కోర్టు ఊడ్చిన మనిషి. గోడ మీద అంటించిన ఫీజు బాకీల జాబితాలో నీ పేరు చూసి, ‘ఈ అబ్బాయి మావాడే’ అంటూ చేతిలో చీపురుతోనే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.”