అన్నయ్య బండి

లాల్‌ఖదాన్ బస్తీలో రైలు పట్టాల వైపు పల్లంగా దిగే సందు అది. అక్కడ అమ్మన్న పికప్ బండి పదకొండు రోజులుగా వానకు నానుతోంది. అమ్మన్న పోయి కూడా అన్ని రోజులే అయింది. ఆ బండిని అద్దెకు తిప్పి ఇద్దరు పిల్లల్ని పెంచుకుందామని అతని భార్య ప్రసూన ఆశ. ఆమె నిద్రపోయాక దాన్ని పట్టుకుపోదామని అమ్మన్న తమ్ముడు జయప్రకాష్ వచ్చాడు. తాళంచెవి కర్మల హడావుడిలోనే కాజేశాడు.

ఇంజను మోత లేకుండా బండిని పల్లానికి జార్చాలనుకున్నాడు. హ్యాండ్‌బ్రేకు దించాడు. వెనక చక్రాలు కదల్లేదు. తుప్పుకి బ్రేకు పట్టేసింది. సుత్తి తీసుకుని బండి కిందికి దూరి, చక్రం వెనక మెల్లగా కొట్టాడు. పట్టు సడలింది. బండి కొంచెం ఊగింది.

వెంటనే పైన, సీటు పక్క నుంచి, ‘కర్ర్’మని చప్పుడైంది. ఎవరో హ్యాండ్‌బ్రేకు పైకి లాగారు. బ్రేకు తీగ మళ్లీ బిగుసుకుంది.

బండిలో ఎవరూ లేరు. మళ్లీ కొట్టాడు. మళ్లీ ‘కర్ర్’మంది.

“వదినా, నువ్వేనా?”

“నేనిక్కడున్నాను మరిదీ.” ప్రసూన గొంతు ఇంటి గుమ్మం నుంచి వచ్చింది. ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. తర్వాత ఆమె బండితో మాట్లాడింది.

“ఒగ్గేయండి. మీ తమ్ముడే కదా, పట్టుకుపోనీండి. మనకింకేటి మిగిలిందని?”

తర్వాత బ్రేకు లివరు ‘టక్’మని కిందికి దిగింది.

చక్రాలకి అడ్డంగా రాళ్లు పెట్టలేదని బండి కిందే ఉన్న జయప్రకాష్‌కి అప్పుడు గుర్తొచ్చింది.